నూకాలమ్మ అడిగిన ఎర్ర చేప

ఆ గురువారం పొద్దున జుబేర్ పొయ్యి వెలిగించలేదు.

రేవు పక్క కొండ మీద లతీఫ్ షా బాబా తకియా ఉంది. తకియా అంటే ఫకీర్లు తలదాచుకునే చోటు. రెండు గదులు, ఒక వంటసాల, ముందు రేకుల పందిరి. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడికి ఎవరొచ్చినా అన్నం పెడతారు. వంటసాల బాధ్యత జుబేర్‌ది. ఎమ్మే చదివాడు. చదివిన పుస్తకాలన్నీ గుండెల్లో మండుతుంటే, లోకాన్ని మార్చే దారి వెతుక్కుంటూ వచ్చి బాబాకు శిష్యుడయ్యాడు. వచ్చిన కొత్తలోనే వంటసాల గోడ మీద ఎర్ర రంగుతో ఇంతేసి అక్షరాలు రాశాడు: 'అన్నం దానం కాదు, హక్కు.'

బాబా అది నిదానంగా చదివి, "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి బేటా," అన్నాడు. అంతే.

ఇవాళ ఆ గోడకే వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు జుబేర్.

"నేను వండను బాబా."

"ఒంట్లో బాగోలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది. లోకంలో బాగోలేదు."

తకియాలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కష్టమైన ప్రయాణానికి వెళ్తుంటే, ఆసుపత్రికో, జైలుకో, తుపాను రోజుల్లో వేటకో, వెళ్ళబోయే ముందు గురువారం వాళ్ళు ఒక వంట అడగొచ్చు. ఏది అడిగితే అది వండుతారు. అడిగినవాళ్ళే ముందు తినాలి. అప్పటిదాకా వండినవాడు ఉప్పు కూడా చూడకూడదు. వాళ్ళు తినగా మిగిలినది ఎంతుంటే అంత, వాళ్ళ చేత్తోనే నలుగురికీ పెట్టాలి. చిటికెడే మిగిలితే చిటికెడే.

ఇంతకుముందు వాళ్ళు వంకాయ ఎండురొయ్యలు అడిగారు. సేమ్యా పాయసం అడిగారు. జైలుకు పోతున్న ఒకతను ఉల్లిపాయ పకోడీ అడిగి, కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. అవన్నీ జుబేర్ ప్రాణం పెట్టి వండాడు. ఇవి ప్రజల వంటలు అనేవాడు.

ఈసారి అడిగింది నూకాలమ్మ.

కొండ కింద పేటలో ఉంటుంది. ఎవరూ లేరు. ఊహ తెలిసినప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని పీల్చడం. ఆ పేటలో ఆడవాళ్ళకు అది తమలపాకు లాంటి అలవాటు. ఆ నిప్పుకి అంగిట్లో పుండు పడింది. సోమవారం ఆపరేషన్. అంగిలి తీసేస్తారు, నాలుక కూడా కొంత తీసేస్తారు. ఆ తర్వాత చాలాకాలం ముక్కులో గొట్టం. మళ్ళీ రుచి తెలుస్తుందా అంటే, డాక్టరు కాగితాల్లోకి చూస్తూ, "ముందు ప్రాణం ముఖ్యం కదమ్మా," అన్నాడు.

బుధవారం సాయంత్రం ఆమె కొండెక్కి వచ్చి బాబా ముందు కూలబడింది.

"బాబా, నాకు ఆ ఎర్రసేప తినాలనుంది. సాల్మను."

"ఎక్కడ చూశావమ్మా?"

"సూడ్డమేటి, దాని పెట్టెలు కడగలేదా! ఆ మంచు గోడౌన్లో నా సేతులు మొద్దుబారిపోయినాయి కదా. పెద్ద పెద్ద హోటేళ్ళకి పోయీది ఆ సేప. వోసన తెలుసు. రుసి తెల్దు." సిగ్గుపడుతూ అంది, "మొన్న ఆసుపత్రి వరండాలో పక్కన కూకున్న పిల్ల ఫోన్లో సూపించింది. కారం రాత్తారంట, తేనె రాత్తారంట. నూని లేకుండా ఒక పెట్టిలో ఎడతారంట. తియ్యగా, కారంగా ఉంటాదంట. అలాగ తినాలనుంది. తప్పేటి?"

"తప్పేం ఉంది!" అన్నాడు బాబా. "రేపు రా."

హోటల్ వంటింట్లో పనిచేసే ఒక శిష్యుడికి కబురు వెళ్ళింది. తెల్లారేసరికి మంచులో పెట్టిన రెండు ముక్కలు వచ్చాయి. పెట్టె సంగతి ఇంకా సులువు. కొత్త ఇల్లు కట్టుకున్న ఒకాయన, ఇంట్లో రెండు ఉన్నాయని, ఒక ఎయిర్ ఫ్రైయర్ ఆమధ్యే తెచ్చి తకియాకి ఇచ్చి వెళ్ళాడు. జుబేర్ ఆ అట్టపెట్టె విప్పకుండా దాని మీద ఉల్లిపాయల బస్తా పెట్టాడు. ఆ యంత్రానికి తగిన చోటు అదేనని అతని ఉద్దేశం.

"చెప్పండి బాబా," అన్నాడు జుబేర్. "ఊరంతా పప్పన్నం దొరక్క చస్తుంటే, ఒక్కరికి విమానంలో వచ్చిన చేపా? అది విలాసం కాదా? ఒకరి విలాసం వందమంది ఆకలి. అసలు ఆ కోరిక ఆమెది కాదు. ఆ వీడియోది. మార్కెట్ సరుకులనే కాదు బాబా, కోరికలను కూడా తయారుచేసి అమ్ముతుంది. ఆమెకి పప్పన్నం పెడదాం. గౌరవంగా పెడదాం. ఆ చేపని మాత్రం నేను ముట్టుకోను. నా నోట్లోనూ పెట్టుకోను."

బాబా అంతా విన్నాడు. వంగి, తనే పొయ్యి వెలిగించాడు. ఎసరు పెట్టాడు. ఉల్లిపాయల బస్తా పక్కకు జరపబోయాడు గానీ అది కదల్లేదు. పెట్టె మూల చించి, చెయ్యి లోపలికి దూర్చి, యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకం మాత్రం బయటికి లాగాడు. కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"ఇందులో రాశాడు బేటా, తేనె ముందే పూస్తే మాడిపోతుందట. ఆఖర్న పూయాలట."

జుబేర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద ఆయాసం వినిపించింది. పెంటకోట వీరభద్రం. టోకు బియ్యం వ్యాపారి. గురువారం అన్నానికి బియ్యం ఆయనే పంపుతాడు. పంపినప్పుడల్లా ఫోటో తీయించుకుంటాడు. పందిరి కిందకు వచ్చి, కండువాతో మెడ తుడుచుకుని, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏవండీ బాబా గారూ, కింద విన్నాను, నిజమేనా? ఆ నూకాలుకి సాల్మన్ చేపట?"

"నిజమే."

"బాగుందండీ! రేపోమాపో అన్నట్టున్న ముసలిదానికి సాల్మనా? ఏదో వీడియో చూసి అడిగితే మీరు తలూపడమేనా? ఊళ్ళో ఇంతమంది పప్పన్నానికి లేక అల్లాడుతుంటే! దాని మొహానికి పప్పన్నం చాలదా? ఇవాళ ఇది పెడితే రేపు ఇంకొకతి ఇంకోటి అడుగుతుంది. లేనివాళ్ళకి లేనట్టే అలవాటు చెయ్యాలి."

లేనివాళ్ళకి లేనట్టే. ఈ మాట ఎన్ని నోళ్ళు అంటాయి! తిన్నంత తిని, త్రేన్చి, చెయ్యి కడుక్కుని మరీ అంటాయి. ఆకలి తీర్చినవాడికి దండం పెట్టాలి, కానీ ఏం తినాలనుందో అడగకూడదు. బీదవాడికి కడుపు ఉండొచ్చు. నాలుక ఉండకూడదు. చేపల పెట్టెలు కడగడానికి ఆమె చేతులు కావాలి. ఆ నీళ్ళలో ఆమె వేళ్ళు నీలంగా మారితే, చేతికి తొడుగులైనా ఇవ్వని లోకం, ఒక్క ముక్క అడిగితే మాత్రం లెక్కలు, నీతులు, పొదుపు పాఠాలు చెబుతుంది!

జుబేర్ గోడ నుంచి విడివడ్డాడు.

"మీరెవరండీ చెప్పడానికి?" అరుపుకి పందిరి మీద కాకి ఎగిరిపోయింది. "లేనివాళ్ళు ఏం తినాలో చెప్పే హక్కు మీకెవరిచ్చారు? మీ అమ్మాయి పెళ్ళిలో ఎన్ని రకాలు వడ్డించారు? అప్పుడు ఊళ్ళో ఆకలి గుర్తు రాలేదా? ఆమె కడిగిన పెట్టెల్లో చేప మీరు తినొచ్చు, ఆమె తినకూడదా? ఆమెకి పప్పన్నం చాలని తేల్చడానికి మీరెవరు?"

"చూశారా బాబా గారూ, నా బియ్యం తింటూ నన్నే..."

"అన్నం దానం కాదు!"

"ఆఁ, గోడ మీద చదివాను లేవయ్యా. వచ్చే వారం నుంచి గోడే ఉడకేసుకోండి." వీరభద్రం కండువా దులిపాడు.

"అలాగే వీరభద్రం గారూ," అన్నాడు బాబా నెమ్మదిగా. "ఈ వారం పంపినవి ఉడుకుతున్నాయి. కూర్చోండి, తిని వెళ్దురుగాని."

ఆయన కూర్చోలేదు. చెప్పులు సగం తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

జుబేర్ గెలిచినవాడిలా బాబా వైపు తిరిగాడు. బాబా ఇంకా ఆ చిన్న పుస్తకంలోనే ఉన్నాడు.

"బేటా, పొద్దున నువ్వో మాట అన్నావు. 'ఊరంతా' అని మొదలైంది. తర్వాతది మరిచిపోయాను. మళ్ళీ చెప్పు."

జుబేర్ నోరు తెరిచాడు. మాట గొంతుదాకా వచ్చింది. అది వీరభద్రం గొంతుతో వచ్చింది.

వెళ్ళి ఉల్లిపాయల బస్తా ఎత్తి పక్కన పడేశాడు.

కోపం తగ్గలేదు. వైపు మారింది, అంతే. ఇప్పుడు ఆ చేప అతని చేతిలో జెండా అయింది. ఒక ముక్క తీసి తడి లేకుండా తుడిచాడు. ఉప్పు రాశాడు. వెల్లుల్లి దంచాడు, నిమ్మకాయ కోశాడు. తేనె సీసా తీశాడు. కారం డబ్బా మూత తీసి చెంచా ముంచాడు.

చెయ్యి ఆగింది.

పుండున్న నోరు. అందులో కారమా? పాపం, ఆమెకేం తెలుసు? తెలియకే కదా చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుంది. తెలిసినవాడు చూసుకోవాలి. చెంచా డబ్బాలోనే దులిపాడు. పుండుకి పులుపు, వెల్లుల్లి కూడా పడవు. తేనె కూడా ఎందుకులే అనుకున్నాడు. ఉప్పు, చిటికెడు పసుపు. అంతే. యంత్రం సొరుగు లాగి ముక్క లోపల పెట్టి మూశాడు. లోపల వేడిగాలి గిర్రున తిరగసాగింది. పద్ధతి ప్రకారం రుచి చూడలేదు. చూసినా అతనికి తేడా తెలిసేది కాదేమో. అతను అప్పుడు రుచి గురించి ఆలోచించడం లేదు.

మధ్యాహ్నానికి పందిరి నిండింది. వలలు అల్లేవాళ్ళు, ఆటోవాళ్ళు, మెట్ల పక్కన పడుకునే బిచ్చగాళ్ళు. నూకాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. అందరికంటే ముందు ఆమెను కూర్చోబెట్టారు. జుబేర్ రెండు చేతులతో పళ్ళెం పట్టుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. అందరికీ వినిపించేలా అన్నాడు:

"అమ్మా! ఇవాళ నువ్వు తినేది చేప కాదు. న్యాయం!"

"సేప కాదా?" నూకాలమ్మ కంగారుగా పళ్ళెంలోకి వంగి చూసింది.

"చేపేనమ్మా, చేపే," అన్నాడు ఆటో నడిపే పైడిరాజు. "ఆయన అలాగే మాటాడతాడు. నువ్వు తిను."

ఆమె చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఒక పక్క దవడతోనే మెల్లగా నమిలింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. మింగింది.

"బాగుంది నాయినా," అంది. "మెత్తగా ఉన్నాది. సోమారం కాణ్ణించి ఆసుపత్రోళ్ళు గొట్టంలో కూడా ఇలాటిదే పోత్తారంట, కారం లేకుండా సప్పగా."

జుబేర్ మొహం వాడింది. "కారం వెయ్యలేదమ్మా. నీ నోట్లో పుండు కదా, మండుతుంది. నీ మంచికే."

"అవున్నాయినా. అందరూ నా మంచికే సేత్తారు." మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. "ఆ గోడౌన్ మేస్త్రీ కూడా ఆడోళ్ళకి నీడ పట్టున పని, మీ మంచికే అనీవోడు."

ఆమె ఇంక తినలేదు. మిగిలినది పంచడానికి చిన్న చిన్న ముక్కలు చెయ్యసాగింది.

వరస సాగింది. బాబా స్వయంగా అందరికీ వడ్డించాడు. ఆఖరికి జుబేర్‌ని కూర్చోబెట్టి, పళ్ళెంలో వేడన్నం పెట్టాడు. పప్పు పోశాడు. ఆవకాయ బద్ద వేశాడు. వేయించిన ఊరమిరపకాయలు రెండు పక్కన పెట్టాడు. పొద్దుటి నుంచి ఏమీ తినని జుబేర్ చెయ్యి చాచాడు.

బాబా అతని ఎదురుగా కూర్చున్నాడు. ఆవకాయ బద్ద తీసి తన పళ్ళెంలో వేసుకున్నాడు. మిరపకాయలు తీశాడు. పప్పు కలిసినంత మేర అన్నం జాగ్రత్తగా వేరుచేసి తనవైపు లాక్కున్నాడు. జుబేర్ ముందు తెల్లన్నం మిగిలింది.

"ఏంటి బాబా ఇది?"

"నీ మంచికే, బేటా."

పైడిరాజు పకపకా నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

బాబా నింపాదిగా ఆవకాయ కలుపుకుంటున్నాడు. ఎర్రటి నూనె వేళ్ళ సందుల్లోంచి దిగుతోంది.

జుబేర్ లేచాడు. వంటసాలలోకి వెళ్ళి కారం డబ్బా, తేనె సీసా, మిగిలిన ఒకే ఒక్క చేపముక్క పట్టుకుని తిరిగి వచ్చాడు. నూకాలమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. ఈసారి అందరికీ వినిపించేలా మాట్లాడలేదు.

"కారం ఎంత వెయ్యమంటావమ్మా?"

"నీ ఇట్టం నాయినా. నువ్వెంతేత్తే అంత."

"కాదు. నువ్వు చెప్పు."

ఆమె అతని మొహంలోకి చూసింది, వేళాకోళం కాదు కదా అన్నట్టు. అతను చెంచా ముంచి ముక్క మీద చల్లాడు.

"ఇంకొంచెం," అంది.

చల్లాడు.

"ఇంకొంచెం."

చల్లాడు.

"ఆఁ. సాలు. తేనె మాత్రం ఆ ఫోన్లో ధారగా పోసినాది ఆ పిల్ల." చేత్తో గాలిలో చూపించింది. "ఇలాగ."

"తేనె ఆఖర్న పోయాలట. పుస్తకంలో ఉందట."

"పుస్తకాల్లో ఇలాటివి కూడా రాత్తారా?"

"రాస్తారట," అన్నాడు జుబేర్.

ఉప్పూ, ఇందాక దంచిన వెల్లుల్లీ పట్టించి ముక్కను లోపల పెట్టాడు. యంత్రం మళ్ళీ తిరిగింది. కాసేపటికి సొరుగు లాగి తేనె పోసి, ముక్కను మళ్ళీ లోపలికి తోశాడు. వాసన పందిరి మొత్తం పట్టింది. వెల్లుల్లి ఘాటు, మాడీ మాడని తేనె, ముక్కుకెక్కే కారం. ఆటోవాళ్ళు దగ్గారు. సొరుగు బయటికి వచ్చేసరికి ముక్క అంచులు నల్లబారి, పైన ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎవరూ నూనె పొయ్యలేదు. చేప తన నూనెలో తనే తడిసి ఉంది. నిమ్మచెక్క పిండి, పళ్ళెం ఆమె ముందు పెట్టాడు.

నూకాలమ్మ తుంచుకుని నోట్లో పెట్టుకుంది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత ఆమె మొహం ముడుచుకుపోయింది. కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారాయి. ఎడమచెయ్యి మోకాలిని గట్టిగా పట్టుకుంది. జుబేర్ ఒక్క ఉదుటున నీళ్ళ గ్లాసు అందుకుని పళ్ళెం లాగెయ్యబోయాడు.

ఆమె పళ్ళెం తనవైపు జరుపుకుంది.

"ఉండు," అంది.

ఉన్నాడు. గ్లాసు చేతిలో అలాగే ఉంది.

"మండుతోందా అమ్మా?"

"ఓలమ్మో, మండుతోందేటి! నిప్పు! అడ్డసుట్ట నిప్పు దీని ముందు ఎందుకు పనికొత్తాది!" కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. ఇంకో ముక్క పెట్టుకుంది. నమలడం ఆపి, తల కొద్దిగా పక్కకు వంచి, ఏదో వినబోతున్నట్టు ఆగింది. "ఉండు ఉండు. ఎనకాల తియ్యగా వత్తాది. ఇదిగో. ఇప్పుడొచ్చింది."

కింద రేవులో ఏదో ఓడ కూత పెట్టింది.

"ఆ పెట్టెల్లో నీళ్ళు ఉప్పగా ఉండీవి," అంది నూకాలమ్మ. "సేప కూడా ఉప్పగా ఉంటాదనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఆమె తింటూనే ఉంది. ఏడుస్తూ, ఎగబీలుస్తూ, ఆగి ఆగి, తొందరేమీ లేనట్టు తింది. చివరికి పళ్ళెంలో ఒక్క చిన్న పెచ్చు మిగిలింది, నల్లబడిన అంచు. దాన్ని వేళ్ళ మధ్య తీసుకుని చుట్టూ చూసింది, ఎవరికి పెట్టాలా అని.

జుబేర్ గ్లాసు కింద పెట్టాడు. ఆమె ముందు చెయ్యి చాచాడు.

నూకాలమ్మ పెట్టబోయి ఆగింది. అతని కళ్ళలోకి చూసింది.

"నీకు మండుతాది నాయినా. తింతావా?"